అర్జీకి వచ్చిన వేగం నిర్ణయానికి ఎప్పుడు?

కంప్యూటర్ పాలన మాట వచ్చినప్పుడల్లా హైదరాబాదు, అమరావతి పేర్లే ముందు వినిపిస్తాయి. ఆ పాలన మంచిచెడ్డలు తూకం వేయాలంటే మాత్రం ఉమ్మడి చిత్తూరు జిల్లాకు మించిన చోటు లేదు. 2002లో కుప్పం పల్లెలకు ఒక అంతర్జాతీయ కంప్యూటర్ కంపెనీ వచ్చి సమాచార కేంద్రాలు తెరిచింది. 2011లో మీసేవ తొలి అడుగు పడింది ఈ జిల్లాలోనే. రోజూ వేలాది భక్తుల రాకపోకలను టోకెన్లు, టైంస్లాట్లతో నడిపించే తిరుమల ఇక్కడే ఉంది. ఆన్‌లైన్ భూరికార్డులు ఎంత మేలు చేయగలవో, ఎంత కీడుకు తావివ్వగలవో చూపించే కేసులూ ఇక్కడివే. ఈ పాతికేళ్లలో ముఖ్యమంత్రులు మారారు, పథకాల పేర్లు మారాయి. కలెక్టరేట్లో సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమం పేరే మీకోసం, స్పందన, పీజీఆర్ఎస్ అంటూ మారుతూ వచ్చింది. ఈ అనుభవాన్నంతా ఒకచోట పెట్టి చూస్తే తేలేది ఒక్కటే: అర్జీ పెట్టడం బాగా తేలికైంది, ఆ అర్జీ మీద నిర్ణయం రావడం అంత తేలిక కాలేదు. అర్జీ తీసుకోవడానికి యంత్రం చాలు. నిర్ణయానికి మాత్రం సరైన రికార్డు, అధికారం ఉన్న ఉద్యోగి, తప్పు జరిగితే జవాబు చెప్పే ఏర్పాటు మూడూ కావాలి. డిజిటల్ పాలన అభివృద్ధికి అక్కరకు రావాలంటే ఇక మీదట డబ్బు, శ్రద్ధ ఈ మూడింటి మీద పెట్టాలన్నది ఈ వ్యాసం వాదన.

రికార్డు దగ్గర మొదలుపెడదాం. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు వచ్చి కలిశాయి. కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు, కంగుంది వంటి జమీందారీ ప్రాంతాలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత గానీ పూర్తిగా రైత్వారీ లెక్కల్లోకి రాలేదు. అంటే ఒకే జిల్లాలో భూమి లెక్కలు వేర్వేరు చేతుల్లో, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పద్ధతుల్లో పుట్టాయి. వాటి మీద, ప్రభుత్వ భూమిని పేదలకు ఇస్తూ రాసిన డీకేటీ పట్టాలు వచ్చాయి. రీసెటిల్మెంట్ రిజిస్టర్లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన చుక్కల భూములు మిగిలాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద, రిజిస్టర్ చేయకూడని భూముల నిషేధిత జాబితా తోడైంది. ఈ చిక్కుముడుల జ్ఞాపకమంతా ఊరి కరణం దగ్గర ఉండేది. ఆ జ్ఞాపకమే అతని బలం, ఊరికి అదే భయం. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. ఆఫీసు ఊరికి దగ్గరైంది, తరతరాల పెత్తనం పోయింది. ఆ మార్పు అవసరమైనదే, న్యాయమైనదే. అయితే పెత్తనంతో పాటు పోయిన జ్ఞాపకం స్థానంలో నిలబడగలిగే రికార్డును మాత్రం ఏ ప్రభుత్వమూ వెంటనే తయారు చేయలేదు. ఆ తర్వాత కంప్యూటర్లోకి ఎక్కింది ఈ అసంపూర్తి లెక్కే.

తొలి దశ కంప్యూటరీకరణ ఈ లోతుల జోలికి పోలేదు. 1998 నవంబరులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కార్డ్ పథకం మొదలైంది. దస్తావేజు విలువ కట్టడం, స్కాన్ చేయడం, ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీ ఇవ్వడం కంప్యూటర్ మీదికి వచ్చాయి. 1999 డిసెంబరులో హైదరాబాదులో ప్రయోగంగా పెట్టి 2001 నుంచి విస్తరించిన ఈసేవ, కరెంటు బిల్లు, నీటి బిల్లు వంటివి ఒకే కౌంటర్లో కట్టే వీలు కల్పించింది. డబ్బు కట్టి రసీదు తీసుకునే పనిలో ఎవరి హక్కూ తేల్చాల్సిన అవసరం లేదు కాబట్టి ఈసేవ త్వరగా నెగ్గింది. కుప్పంలో జరిగింది మరో రకం ప్రయోగం. హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2002లో ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల పథకం పెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. సౌరశక్తితో నడిచే ప్రింటర్లు, డిజిటల్ కెమెరాలు ఇచ్చి పొదుపు సంఘాల మహిళలకు ఫొటోలు తీసే ఉపాధి చూపించారు. గుర్తింపు కార్డులకు ఫొటో కావాల్సిన పల్లెలో ఆ ఉపాధికి గిరాకీ ఉండేది. గడువు ముగిశాక కంపెనీ తప్పుకుంది. ప్రయోగం నుంచి తీసుకోవాల్సిన పాఠం స్పష్టంగానే ఉంది. పథకం వెంట వచ్చిన నైపుణ్యం, డబ్బు, శ్రద్ధ పథకంతోనే వెళ్లిపోతాయి. రోజువారీ ప్రభుత్వ బడ్జెట్లో, ప్రభుత్వ సిబ్బంది విధుల్లో చోటు దొరికిందే మిగులుతుంది.

ఆ కొలబద్దతో చూస్తే మీసేవ నిలిచిన పథకం. 2011 నవంబరు 4న అప్పటి ముఖ్యమంత్రి నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి తన సొంత జిల్లాలోనే దీన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖల సేవలు కొన్నింటితో మొదలై తర్వాత వందల సేవలకు పాకింది. ఈసేవ కంటే ఇది ఒక మెట్టు పైది. ఇందులో అధికారి సంతకమే డిజిటల్ అయింది. రికార్డు కేంద్రంలో ఉంటుంది, సంతకం దాని మీద ముందే పడి ఉంటుంది, కౌంటర్లో భద్రతా ముద్ర ఉన్న కాగితం మీద ప్రింటు తీసి ఇస్తారు. అడంగల్, 1-బీ అనే భూరికార్డుల నకళ్ల కోసం పలమనేరు రైతు వీఆర్వో ఇంటి చుట్టూ, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పింది. అయితే మీసేవ సేవల్ని రెండు వర్గాలుగా విడదీసింది. అక్కడికక్కడ ఇచ్చేవి ఏ కేటగిరీ, విచారణ జరిపి గడువులోగా ఇచ్చేవి బి కేటగిరీ. ఈ చిన్న విభజనలోనే మొత్తం సమస్య ఉంది. ఏ కేటగిరీ అంటే ఉన్న రికార్డును చూపించడం. బి కేటగిరీ అంటే మ్యుటేషన్, సర్వే, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ వంటివాటిలో ఎవరో ఒకరు ఊరికి పోయి, చూసి, విని, రాసి, బాధ్యత తీసుకోవడం. మొదటి రకంలో నిమిషాలు గెలిచాం. రెండో రకంలో ఫైలు కాగితం మీది నుంచి తెర మీదికి మారింది గానీ, దాన్ని కదిలించాల్సిన మనిషి పని భారం గానీ, అతని మీద ఒత్తిళ్లు గానీ మారలేదు. సేవలను లెక్కపెట్టి వందలు అని చెప్పుకునేటప్పుడు ఏ కేటగిరీ నకలునూ, బి కేటగిరీ నిర్ణయాన్నీ ఒకే గాటన కట్టడం వల్ల ఈ తేడా కనపడకుండా పోతుంది.

సాంకేతికత వల్ల పేదలకు మేలు జరగదనే వాదన సరైంది కాదని చెప్పడానికి గట్టి ఆధారం ఉంది, అది మన పొరుగుదే. 2010-12 మధ్య చిత్తూరును ఆనుకొని ఉన్న కడప, అనంతపురం, నెల్లూరుతో సహా ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో ఉపాధి హామీ కూలి, పింఛన్ల చెల్లింపును వేలిముద్ర స్మార్ట్ కార్డులకు మార్చిన తీరును కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పరిశీలించారు. మండలాలను లాటరీ పద్ధతిలో విడదీసి పోల్చిన అధ్యయనం అది, 2016లో అచ్చయింది. ఉపాధి కూలి చేతికందడంలో జాప్యం దాదాపు 30 శాతం తగ్గింది. మధ్యలో కాజేసే సొమ్ము 40 శాతం మేర తగ్గింది. లబ్ధిదారుల్లో 90 శాతానికి పైగా కొత్త పద్ధతే మేలన్నారు. అయితే ఆ కార్డు వెనుక ఉన్న ఏర్పాటును చాలామంది మర్చిపోతారు. డబ్బు పంచింది ఆ ఊళ్లోనే ఉండే మనిషి, చాలాచోట్ల పొదుపు సంఘం మహిళ. కార్డు అందనివారికి పాత పద్ధతిలో చెల్లించే వెసులుబాటు ఉంచారు. అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసిన తీరును పరీక్షించారు. అక్కడ వెసులుబాటు తక్కువ. కాజేత చెప్పుకోదగ్గంత తగ్గలేదు, కార్డుకు ఆధార్ జత కాని కుటుంబాలకు అందే సరుకు మాత్రం సుమారు 10 శాతం పడిపోయింది. యంత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే. ఒక చోట మనిషికి ఆసరాగా పెట్టారు, మరో చోట మనిషిని ఆపడానికి పెట్టారు. ప్రపంచ బ్యాంకు 2016 అభివృద్ధి నివేదిక దేశదేశాల అనుభవాన్ని సమీక్షించి చేరిన నిర్ణయం కూడా ఇదే: నియమాలు, నైపుణ్యాలు, జవాబుదారీ సంస్థలు తోడు లేకుంటే డిజిటల్ పెట్టుబడి ఆశించిన ఫలం ఇవ్వదు.

ఊళ్లో మనిషి ఉండాలన్న పాఠాన్ని ఆంధ్రప్రదేశ్ 2019లో పెద్దఎత్తున అమలు చేసింది. ఆ ఏడాది అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. రాష్ట్రంలో పదిహేను వేల సచివాలయాలు, వాటిలో లక్షకు పైగా శాశ్వత ఉద్యోగులు. దేశంలో ఇంత తక్కువ కాలంలో కింది స్థాయి పాలనకు ఇంతమందిని చేర్చిన రాష్ట్రం మరొకటి కనపడదు. డిజిటల్ అసిస్టెంటు, గ్రామ సర్వేయరు, వ్యవసాయ సహాయకుడు, సంక్షేమ సహాయకుడు ఒకే కప్పు కిందికి వచ్చారు. వీరితో పాటు యాభై ఇళ్లకొకరు చొప్పున రెండున్నర లక్షల మంది వాలంటీర్లను గౌరవ వేతనం మీద పెట్టారు. ఉద్యోగులకూ వాలంటీర్లకూ మధ్య ఉన్న అసలు తేడా 2024లో బయటపడింది. ఎన్నికల సంఘం మార్చి చివర వాలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరం పెట్టింది. ఏప్రిల్లో ముసలివాళ్లు ఎండలో సచివాలయాలకు, మే నెలలో బ్యాంకులకు వెళ్లాల్సి వచ్చింది. అదే ఏడాది జూలై 1న కొత్త ప్రభుత్వం దాదాపు 65 లక్షల మందికి సచివాలయ ఉద్యోగుల చేతనే ఇళ్ల దగ్గర పింఛన్లు ఇప్పించింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న రాజకీయ తగువులోకి పోనక్కర్లేదు. పరిపాలనకు సంబంధించి తేలింది రెండు మాటలు. రాజకీయ రంగు అంటిన ఏర్పాటు ఎంత చురుకైనదైనా ఎన్నికల గాలికి నిలవదు. నియామక పరీక్ష రాసి, సర్వీసు నిబంధనలకు లోబడిన ఉద్యోగి ప్రభుత్వం మారినా నిలుస్తాడు. చిక్కేమిటంటే, అతనికి పని చాలా అప్పగించి నిర్ణయాధికారం దాదాపు ఏమీ ఇవ్వలేదు. సర్వేలు, యాప్‌లలో ఫొటోలు, హాజరు నమోదులతో అతని రోజు గడిచిపోతుంది. అర్జీదారుకు ఇవ్వాల్సిన జవాబు మాత్రం మండలంలోనో డివిజన్లోనో ఉంటుంది.

భూమి దగ్గరికి వచ్చేసరికి ఈ లోటు ఖరీదు అర్థమవుతుంది. 2021 అక్టోబరులో సీఐడీ చిత్తూరు జిల్లాలో ఒక ముఠాను అరెస్టు చేసినట్టు ప్రకటించింది. నకిలీ పత్రాలు పుట్టించి, 13 మండలాల్లోని 2,320 ఎకరాల ప్రభుత్వ భూమిని ఆన్‌లైన్ రికార్డుల్లో తమ పేర్లకు ఎక్కించుకున్నారన్నది ఆ అభియోగం. ఆ కేసు న్యాయస్థానంలో ఎలా తేలినా, అది బయటపెట్టిన బలహీనత వేరే ఉంది. కాగితపు రోజుల్లో ఇన్ని మండలాల్లో దొంగ రాతలు రాయాలంటే ఊరూరా రిజిస్టర్లు తిద్దాలి, ఊరూరా ఒకరు కళ్లు మూసుకోవాలి. ఆన్‌లైన్ వ్యవస్థలో లోపలికి దారి దొరికితే చాలు. పైగా తెర మీద కనిపించే పేరుకు కాగితం మీది పేరుకన్నా గౌరవం ఎక్కువ. బ్యాంకు దాన్నే నమ్ముతుంది, రిజిస్ట్రారు దాన్నే చూస్తాడు, కొనేవాడు దాని మీదే బయానా ఇస్తాడు. అబద్ధం కంప్యూటర్లోకి ఎక్కితే దానికి ప్రభుత్వ ముద్ర పడినట్టే. కాగితమే భద్రమని దీనర్థం కాదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ప్రభుత్వం దర్యాప్తు చేయించింది. ఆ తర్వాత ఆ డివిజన్ నుంచి భూకబ్జాల ఫిర్యాదులు పెద్దసంఖ్యలో వచ్చాయి. తెర మీది రాత మారొచ్చు, బీరువాలోని ఫైలు కాలొచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో మార్చారన్న చరిత్ర చెరపడానికి వీల్లేకుండా ఉండి, ఆ చరిత్రను భూమి యజమాని స్వయంగా చూడగలిగినప్పుడే రికార్డుకు రక్షణ. ఎస్టోనియా 2001 నుంచి ప్రభుత్వ శాఖల డేటాబేసులను ఎక్స్-రోడ్ అనే వ్యవస్థతో కలిపింది. తన వివరాలను ఏ శాఖ, ఎప్పుడు తెరిచి చూసిందో పౌరుడే చూసుకునే ఏర్పాటు అక్కడ ఉంది. సోమల మండలం రైతుకు అంతకన్నా తక్కువ భద్రత చాలని అనుకోవడానికి కారణం లేదు.

రికార్డును మూలం నుంచి సరిచేసే పని 2020 డిసెంబరులో సమగ్ర రీసర్వేతో మొదలైంది. డ్రోన్లు, రోవర్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే స్థిర కేంద్రాలతో వంద ఏళ్ల తర్వాత భూమిని మళ్లీ కొలిచే ఈ పని ఏ ప్రభుత్వం తలపెట్టినా మెచ్చుకోదగ్గదే. కొలతలు ఆరున్నర వేలకు పైగా గ్రామాల్లో పూర్తయ్యాక విస్తీర్ణాల్లో తేడాలు, పలువురి భూములకు కలిపి ఇచ్చిన ఉమ్మడి ఎల్‌పీ నంబర్లు, హద్దుల గొడవలు ముందుకొచ్చాయి. 2024లో ప్రభుత్వం ఆ గ్రామాల్లో సభలు పెట్టి ఫిర్యాదులు తీసుకోవాల్సి వచ్చింది. యంత్రం హద్దును అంగుళాల్లో కొలుస్తుంది. ఆ హద్దు అన్నదా, తమ్ముడిదా అన్నది మాత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి వినే తహసీల్దారు తేల్చాలి. వినే సమయం ఇవ్వకుండా గ్రామాల లెక్క పూర్తి చేయమని ఒత్తిడి పెడితే పాత తగాదా కొత్త నంబరుతో మొదలవుతుంది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన భూహక్కు చట్టం మీద అంత అలజడి రేగడానికి కారణం కూడా ఇదే. హక్కుకు ప్రభుత్వ హామీ ఉండాలన్న ఆశయం మంచిది. రికార్డు ఇంకా కుదుటపడకముందే సివిల్ కోర్టు తలుపు మూయబోయారు. 2024లో ఆ చట్టం రద్దయింది. పలమనేరు దాటితే వచ్చే కర్ణాటక అనుభవం ఈ విషయంలో రెండు వైపులా పాఠమే. అక్కడ 2000 ప్రాంతంలో వచ్చిన ‘భూమి’ అనే పథకం చేతిరాత పహాణీలను చెల్లకుండా చేసింది. మ్యుటేషన్ అర్జీలను వచ్చిన వరుసలోనే పరిష్కరించాలని కంప్యూటర్లోనే కట్టడి పెట్టింది, వరుస తప్పించే వీలు తీసేసింది. మరోవైపు 2007లో సాలమన్ బెంజమిన్ బృందం బెంగళూరు చుట్టుపక్కల పరిశీలించి, రికార్డులన్నీ ఒకచోటికి చేరడం పెద్ద కొనుగోలుదారులకు కలిసొచ్చిందని, లంచాలు తగ్గలేదని రాసింది. వరుస కట్టడిని మనం తెచ్చుకోవాలి, ఆ హెచ్చరికను మరువకూడదు.

తిరుమల తిరుపతి దేవస్థానం ప్రభుత్వ శాఖ కాదు, అయినా జనసమూహాన్ని సమాచారంతో నడిపించడంలో దానికున్న అనుభవం చాలా శాఖలకు లేదు. ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు, గదులు ఆన్‌లైన్లో ఇస్తారు. సర్వదర్శనానికి టైంస్లాట్ టోకెన్లు తెచ్చారు. 2023 మార్చిలో గదుల కేటాయింపుకు ముఖ గుర్తింపు మొదలుపెట్టారు. ఇంత అనుభవం ఉన్న చోటే 2025 జనవరి 8న, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతి కౌంటర్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ రోజు కంప్యూటర్ చేయాల్సిన పని కొండ మీద దర్శనం లెక్క. ప్రాణాలు పోయింది కొండ కింద, కౌంటర్ గేటు దగ్గర. జనం ఎందరున్నారు, గేటు ఎప్పుడు తెరవాలి, ఎవరు ఆజ్ఞ ఇవ్వాలి అన్నవి పోలీసు, దేవస్థానం, జిల్లా యంత్రాంగం కలిసి ఆ క్షణంలో తీసుకోవాల్సిన నిర్ణయాలు. అదే ఏడాది డిసెంబరు చివర వచ్చిన వైకుంఠ ఏకాదశికి తొలి మూడు రోజుల టోకెన్లను ఆన్‌లైన్ నమోదు, ఈ-డిప్ (కంప్యూటర్ లాటరీ) పద్ధతికి మార్చారు. కౌంటర్ దగ్గర గుమిగూడే కారణాన్నే తీసేయడం తెలివైన పని. దానికీ ఒక ధర ఉంది. ఫోన్ లేని, నమోదు తెలియని భక్తుడు ఆ మూడు రోజుల వాటా నుంచి జారిపోతాడు. మిగతా రోజులను నేరుగా వచ్చేవారికి వదిలేయడం ఆ ధరను తగ్గించే మార్గం. కొరతగా ఉన్నదాన్ని పంచేటప్పుడు ఆన్‌లైన్ వాటా ఎంత, నేరుగా వచ్చేవారి వాటా ఎంత అన్నది సాఫ్ట్‌వేర్ ప్రశ్న కాదు, న్యాయం ప్రశ్న. దాన్ని ముందే బహిరంగంగా చెప్పాలి.

2025 వేసవిలో తోతాపురి మామిడి ధర కూలినప్పుడు డిజిటల్ పాలన హద్దులు మరింత స్పష్టమయ్యాయి. కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కేలా, గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు. తన వాటా 4 రూపాయలను ప్రభుత్వం రైతుల ఖాతాల్లో జమ చేసింది. ఇంతమంది ఖాతాలకు నేరుగా డబ్బు చేరడం ఒకప్పుడు ఊహించలేని పని. ఫ్యాక్టరీలు ఇవ్వాల్సిన 8 రూపాయల దగ్గరే రైతుల ఫిర్యాదులు మిగిలిపోయాయి. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు రోజుల తరబడి నిలబడితే కాయ పండిపోతుంది, రైతు దక్కిన ధరకు ఇచ్చేసి వెళ్తాడు. ప్రభుత్వం తన డబ్బును యంత్రంతో పంపగలిగింది, తన మాటను ఫ్యాక్టరీ చేత పాటింపజేయడానికి యంత్రం సరిపోలేదు. అక్కడ కావాల్సింది తూకం, ధర, తేదీ రాసిన రసీదును తప్పనిసరి చేసి, తనిఖీ చేసి, ఉల్లంఘిస్తే చర్య తీసుకోగల మార్కెటింగ్, ఉద్యాన అధికారులు. కౌలుకు తోట తీసుకున్నవాడి సంగతి మరీ కష్టం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు పొందాలంటే యజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. కార్డు లేని కౌలు రైతుకు పంటల ఆన్‌లైన్ నమోదు అయిన ఈ-పంటలో చోటు దొరకడం కష్టం, దొరక్కపోతే సాయం పట్టాదారు ఖాతాకు పోతుంది.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది బలమైనదే. మనిషికి నిర్ణయాధికారం ఇస్తే లంచం తిరిగొస్తుంది, అందుకేగా యంత్రాన్ని తెచ్చింది అంటారు. ఉన్న రికార్డు నకలు ఇవ్వడం, బిల్లు తీసుకోవడం, అర్హత తేలిపోయిన పింఛను వేయడం వంటి పనుల్లో మనిషిని తప్పించడమే మేలు. విచారణ అవసరమైన పనిలో మనిషిని తప్పించలేం, కనపడకుండా మాత్రం చేయగలం. అప్పుడు లంచం పోదు. కౌంటర్ ముందు నుంచి లాగిన్ వెనక్కి మారుతుంది, ఆ లాగిన్ గుట్టు తెలిసినవాడే దళారీ అవుతాడు. 2,320 ఎకరాల కేసు చెబుతున్నది అదే. నిర్ణయాధికారాన్ని పేరుతో సహా బయటపెట్టి, వరుస తప్పకుండా, కారణం రాసి తీర్పు ఇచ్చేలా చేయడమే లంచానికి మందు. ఆ మనిషి మీద తనిఖీకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. తెలంగాణలో 2018లో రైతులకు సాయమిచ్చే రైతుబంధు చెక్కుల పంపిణీ సమయంలో, రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతామని కొందరు మండల వ్యవసాయ అధికారులకు ముందే చెప్పారు. అలా చెప్పిన మండలాల్లో పంపిణీ మెరుగైంది, దానికైన ఖర్చు చాలా తక్కువ. పైవాడు యాప్‌లో ఫొటో చూడటం కన్నా రైతునే ఫోన్‌లో అడగడం పనిచేసింది.

రెండో అభ్యంతరం ఆశావాదుల నుంచి వస్తుంది. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన మనమిత్ర వాట్సాప్ పాలన ఇప్పుడు చేతిలోనే ఉంది, కౌంటర్లు, సచివాలయాలు ఇక ఎందుకంటారు. పని కోసం బెంగళూరుకు రైలెక్కే కుప్పం కూలీకి, చెన్నైలో ఉండే నగరి యువతికి సెలవు పెట్టకుండా ధ్రువపత్రం దొరకడం నిజమైన లాభం. కాదనడానికి లేదు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు దాదాపు 49 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉండొచ్చు. ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందన్న లెక్క అంత వేగంగా మారదు. ఓటీపీ కొడుకు ఫోన్‌కు వస్తే తల్లి పింఛను సంగతి కొడుకు చేతిలో ఉన్నట్టే. నగరి, సత్యవేడు, కుప్పం ప్రాంతాల్లో తమిళం ఇంటి భాషగా ఉన్నవారికి తెలుగు, ఇంగ్లిషు తెరలు రెండూ కష్టమే. వాట్సాప్ అదనపు దారిగా ఉండాలి, ఏకైక దారిగా మారకూడదు. ఏ దారిన అర్జీ వచ్చినా చేరే బల్ల ఒకటే కాబట్టి, దారులు పెంచి బల్ల దగ్గర మనిషిని పెంచకపోతే పెండింగ్ పెరుగుతుందంతే.

మూడో అభ్యంతరం ఖజానా నుంచి. జీతాలకే అప్పులు చేసే రాష్ట్రం ఇంకా సిబ్బందిని ఎక్కడ పెంచుతుంది? కొత్తవారిని తీసుకోవాలన్నది ఇక్కడ మొదటి కోరిక కాదు. ఉన్న లక్షమందికి పైగా సచివాలయ ఉద్యోగుల సమయాన్ని పదేపదే చేసే ఇంటింటి సర్వేల నుంచి విడిపించాలి. ఒకసారి ఒక శాఖ తీసుకున్న వివరాన్ని మరో శాఖ మళ్లీ అడగకూడదన్న నియమం పెడితే చాలా భారం తగ్గుతుంది. శాఖలు అలా వివరాలు పంచుకోవడానికి హద్దు కూడా ఉండాలి. 2018లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ వివరాలు బహిరంగంగా కనిపించాయి. పేదవాడికి గోప్యత అక్కర్లేదని, బియ్యం చాలని వాదించేవారున్నారు. ఆధార్, బ్యాంకు ఖాతా, కులం వివరాలు ఒకచోట దొరికితే మొదట మోసపోయేది పేదవాడే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రభుత్వానికి ఇచ్చిన మినహాయింపులను అడ్డం పెట్టుకోకుండా, రాష్ట్రమే ముందుగా కట్టుబాటు పాటించాలి. స్థానిక నైపుణ్యాన్ని వాడుకోవడమూ ఖర్చు తగ్గించే మార్గమే. కచ్చితమైన స్థాన నిర్ధారణ మీద పనిచేసే జాతీయ సాంకేతిక కేంద్రం ఐఐటీ తిరుపతిలోనే ఉంది. దాని పరిశోధకులు, ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థులు రీసర్వే గ్రామాలను స్వతంత్రంగా మళ్లీ కొలిచి నివేదిక ఇస్తే సర్వే శాఖకు అద్దం దొరుకుతుంది.

కాబట్టి ఉమ్మడి జిల్లా విడిపోగా ఏర్పడిన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చేయాల్సింది కొత్త యాప్ విడుదల కాదు. మ్యుటేషన్, సర్వే, 22ఏ తొలగింపు, చుక్కల భూముల అర్జీలకు మండలాలవారీగా ఎన్ని రోజులు పడుతున్నదో ప్రతి నెలా ప్రకటించాలి. ఆ అర్జీలను వరుస తప్పకుండా పరిష్కరించే కట్టడిని కంప్యూటర్లోనే పెట్టాలి. భూరికార్డులో పేరు మారితే పాత పట్టాదారుకు కబురు వెళ్లాలి, ఎవరు మార్చారో ఆయన చూడగలగాలి. వేలిముద్ర పడని ముసలమ్మకు సచివాలయ ఉద్యోగి సంతకంతో అదే రోజు పని జరగాలి, ఆ సంతకానికి తర్వాత తనిఖీ ఉండాలి. ప్రజాసేవల హామీ చట్టం 2017 నుంచి కాగితం మీద ఉంది. గడువు దాటితే అర్జీదారుకు పరిహారం, ఆలస్యం చేసినవారికి జరిమానా ఎన్ని కేసుల్లో పడ్డాయో చెప్పాలి. అన్నింటికన్నా ముందు, ఇద్దరు కలెక్టర్లూ సోమవారం వచ్చిన అర్జీలు ఎన్ని అన్న లెక్కతో సరిపెట్టకుండా, వాటిలో అదే మనిషి అదే సమస్యతో మళ్లీ పెట్టినవి ఎన్ని అన్న లెక్క కూడా ప్రతి వారం బయటపెట్టాలి. పరిష్కరించామని ఫైలు మూసిన ప్రతి అర్జీకి అర్జీదారు ఒప్పుకున్నాడా లేదా అన్నది పక్కనే రాయాలి. మళ్లీ వచ్చే అర్జీల సంఖ్య తగ్గుతున్నంత మేరకే ఇక్కడ పాలన బాగుపడుతున్నదని నమ్మాలి.